ఫిబ్రవరి పదకొండున పుట్టినవాళ్ళు

మా ఆఫీసులో అందరూ ఆయన్ని భూతద్దం అనేవారు, వెనకాల. ఎదురుగా నేను గురువుగారూ అనేదాన్ని, ఆయన నన్ను అమ్మాయ్ అనేవాడు. నాకప్పటికి నలభై మూడేళ్ళు, ఇద్దరు పిల్లలు, ఒక మోకాలి నొప్పి. అయినా ఆయన దృష్టిలో నేను అమ్మాయినే. పన్నెండేళ్ళు మా బల్లలు ఎదురెదురుగా ఉండేవి. నా బల్ల మీద ఉత్తర్వులు టైపు చేసే కంప్యూటరు, ఆయన బల్ల మీద బళ్ళ నుంచి వచ్చిన పిల్లల జాబితాలు. మధ్యలో ఒక ఫ్యాను. అది ఎవరి వైపు తిరగాలన్నదాని మీద మాకు జరిగిన గొడవలు రాస్తే వేరే పుస్తకం అవుతుంది.

ఆయన పని చెప్పడానికి చిన్నదే. మా పరిధిలో ఉన్న ప్రతి సర్కారు బడీ ఏడాదికోసారి తన పిల్లల జాబితా పంపాలి. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ. ఎంతమంది పిల్లలుంటే అంత గ్రాంటు, అన్ని పుస్తకాలు, దానికి తగ్గట్టు టీచర్లు. కాబట్టి పేర్లు పెరిగితే బడికి లాభం. ఆ పేర్లలో ప్రాణమున్నవి ఎన్ని, కాగితం మీద పుట్టినవి ఎన్ని అన్నది తేల్చడం ఆయన ఉద్యోగం. ఉద్యోగం అన్నాను గానీ అది ఆయన ఒంట్లో ఉన్న గుణం. జీతం ఇవ్వకపోయినా చేసేవాడు.

ఆ గుణానికి ఒక కారణం ఉంది. అది చెప్పకపోతే ఆయనకి అన్యాయం చేసినదాన్నవుతాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒక బడి జాబితా ఆయన చేతికొచ్చింది. నూట ఇరవై మంది పిల్లలు, ముగ్గురు టీచర్లు, ఆరేళ్ళుగా గ్రాంటు. పేర్లన్నీ ఒకే పెన్నుతో, ఒకే ఊపులో రాసినట్టు ఉన్నాయట. ఎవరికీ చెప్పకుండా రెండు బస్సులు మారి వెళ్ళాడు. అక్కడ బోర్డు ఉంది, బడి లేదు. బోర్డు వెనక ఎవరివో రెండు గేదెలు కట్టేసి ఉన్నాయి. నిజంగా పిల్లలున్న బళ్ళలో కప్పులు కారుతుంటే, బాగుచేయడానికి నిధుల్లేవని ఆఫీసు రాసిన ఉత్తరాల్ని అదే ఏడాది ఆయన తన చేత్తో పోస్టు చేశాడు. "ఆ గేదెల వెనక నూట ఇరవై మంది పిల్లల చదువుంది అమ్మాయ్," అని నాకు కనీసం ఇరవైసార్లు చెప్పుంటాడు. చెప్పిన ప్రతిసారీ గొంతు వణికేది. అందుకే ఆయన్ని చూసి మేమంతా నవ్వుకున్నా, నేను మాత్రం పూర్తిగా నవ్వలేకపోయేదాన్ని.

ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళలో ఆయన పట్టుకోని ఎత్తు లేదు. తనిఖీ రోజున పక్క బడి నుంచి పిల్లల్ని తెచ్చి కూర్చోబెడతారు చూడండి, వాళ్ళకాయన పెట్టిన పేరు అద్దె పిల్లలు. వాళ్ళని పట్టుకోవడానికి ఒక ఉపాయం ఉండేది. మంచినీళ్ళు ఎక్కడ తాగుతారు అని అడిగేవాడు. రోజూ వచ్చే పిల్లలు తల తిప్పకుండానే చెయ్యి చూపిస్తారు, అద్దెకొచ్చినవాళ్ళు టీచరు మొహంలోకి చూస్తారు. తనిఖీకి వెళితే ఆయన బడిలో టీ ముట్టడు. నీళ్ళు కూడా సీసాలో ఇంటి నుంచే. ఎవరైనా మర్యాదకి బండి మీద బస్టాండు దాకా దింపుతామంటే, దండం పెట్టి నడిచిపోయేవాడు.

ఇంట్లో కూడా అంతే. కూతురు ఒకసారి క్లాసులో ఫస్టొచ్చిందట. ఇంకో తండ్రి అయితే వీధంతా చెప్పుకుంటాడు. ఈయన మర్నాడు బడికెళ్ళి పేపర్లు చూపించమన్నాడు. టీచరు మళ్ళీ కూడితే రెండు మార్కులు ఎక్కువ పడ్డాయని తేలింది. పిల్ల సెకండైంది. నెల్లాళ్ళు తండ్రితో మాట్లాడలేదు. "న్యాయంగా వచ్చిన సెకండమ్మా అది," అని ఆయన ఓదార్పు! వాళ్ళావిడని నేను వదినగారూ అని పిలిచేదాన్ని. ఆవిడ మాట మా ఆఫీసులో ఇప్పటికీ చెప్పుకుంటారు. "మీ గురువుగారికి దేవుడు ప్రత్యక్షమైతే ముందు గుర్తింపు కార్డు అడుగుతారు. తర్వాతే దండం," అంది.

ఇలా ఉండగా ఒక ఏడాది పైనుంచి కొత్త విధానం వచ్చింది. ముప్పై మంది కంటే తక్కువ పిల్లలున్న బడిని దగ్గరలోని పెద్ద బడిలో కలిపేయాలి. అలా ఆదా అయిన నిధులతో పెద్ద బళ్ళని బాగుచేస్తారు. ఆ ఉత్తర్వు కింది ఆఫీసులకి పంపడానికి మళ్ళీ టైపు చేసింది నేనే. 'దగ్గరలోని' అన్న మాట దగ్గర నా వేళ్ళు ఆగాయి. దగ్గరంటే ఎంత? అర మైలా, ఐదు మైళ్ళా? కొలత ఎక్కడా లేదు. మా ఆఫీసరుని అడిగాను.

"ఉన్నది ఉన్నట్టు కొట్టమ్మా. కొలతలు మనకెందుకు?" అన్నాడాయన.

ఆఫీసరు గదిలో గోడకి వారం తిరక్కుండా ఒక పట్టిక వెలిసింది. ఏ నెలలో ఎన్ని బళ్ళు కలిపామో అందులో రాయాలి. ఒక నిలువు వరసలో కలిపిన బళ్ళు, దాని పక్క వరసలో కలపాల్సిన బళ్ళు. ఆ రెండో వరస చూసినప్పటి నుంచీ నా మనసులో పురుగు తొలవడం మొదలైంది. పిల్లలు తక్కువున్నారని బళ్ళు మూస్తున్నారా, మూయాల్సిన బళ్ళు ముందే రాసుకుని తక్కువ పిల్లల కోసం వెతుకుతున్నారా? ఆదా అయిన నిధులు ఏ పెద్ద బడికి వెళ్ళాయో చెప్పే పట్టిక మాత్రం ఏ గోడకీ లేదు.

విచిత్రమేమిటంటే భూతద్దానికి ఆ ఉత్తర్వు మీద రవ్వంత అనుమానం రాలేదు. మనుషులందరి మీదా అనుమానమున్న ఆ మనిషికి అచ్చయిన కాగితమంటే మాత్రం గురి. "దొంగ పేర్ల మీద పోయే గ్రాంటు ఇక నిజం పిల్లలకి అందుతుందమ్మాయ్. ఇన్నాళ్ళకి ఒక మంచి పని తలపెట్టారు," అని మురిసిపోయాడు. నాకు ఒళ్ళు మండింది కానీ, గేదెల కథ గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఆ ఏడాది జాబితాల్లో క్వారీ బడిది ఒకటి. పట్నానికి దూరంగా రాతి క్వారీ ఉంది. రాయి కొట్టే కూలీలు అక్కడే రేకుల షెడ్లలో ఉంటారు. వాళ్ళ పిల్లల కోసం పెట్టిన బడి అది. ఒకే గది, ఒకే టీచరు, నలభై మూడు మంది పిల్లలు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా కడుక్కుని వచ్చేసరికి ఆయన గొంతు సవరించుకోవడం వినిపించింది. ఆ సవరింపు మా ఆఫీసులో అందరికీ తెలుసు. ఎవరి కొంపో మునిగిందని అర్థం.

"అమ్మాయ్, ఇలా రా. ఈ పుట్టిన తేదీలు చదువు."

చదివాను. పద్నాలుగు పేర్లకి ఒకే తేదీ ఉంది. ఫిబ్రవరి పదకొండు. సంవత్సరాలు వేరు, రోజు మాత్రం అదే.

"పుట్టినరోజు తెలియని పిల్లలకి టీచర్లే ఏదో ఒకటి రాయడం మామూలేగా గురువుగారూ?" అన్నాను.

"రాస్తారు. నాకు తెలీదా? కానీ ఏం రాస్తారు? జూన్ ఒకటి రాస్తారు. బళ్ళు తెరిచే రోజులు కదా, చేతికి అదే వస్తుంది. జూన్ ఒకటి కనిపిస్తే నేను కళ్ళు మూసుకుని ముందుకెళ్తా. బద్ధకం కూడా ఒక రుజువే అమ్మాయ్. ఫిబ్రవరి పదకొండు ఎవడు రాస్తాడు? కూర్చుని ఆలోచించినవాడు రాస్తాడు. ఆలోచించి రాశాడంటే దొంగ పేర్లే."

నలభై మూడులోంచి పద్నాలుగు పోతే ఇరవై తొమ్మిది. ఆ సంఖ్య ఇద్దరం పైకి అనలేదు. అది ముప్పైకి ఒకటి తక్కువ. పద్నాలుగు పేర్లూ పోతే ఆ బడీ పోతుంది.

సంజాయిషీ అడుగుతూ నోటీసు వెళ్ళింది. నాలుగో రోజున క్వారీ టీచరు వచ్చింది. ముప్పై దాటి ఉండదు. చెప్పుల మీద, చీర అంచు మీద, ఆఖరికి కనురెప్పల మీద కూడా తెల్లటి రాతి పొడి. కూర్చోమన్నా కూర్చోకుండా, చేతిసంచీ గుండెకి అదుముకుని ఆయన బల్ల ముందు నిలబడింది.

"నాలుగేళ్ళ కిందట నేను ఆ బడికి వచ్చేసరికి, కొత్తగా చేరినవాళ్ళలో ఒక్క పిల్లకే పుట్టినరోజు తెలుసు సార్. వాళ్ళమ్మకి ఆస్పత్రిలో కాన్పయింది, చీటీ దాచుకుంది. ఆ రోజు నేను చాక్లెట్లు పట్టుకెళ్ళాను, అందరం చప్పట్లు కొట్టాం. అంతే, మిగతా పిల్లలు నా మీద పడ్డారు. మా పుట్టినరోజెప్పుడు టీచర్, మా పుట్టినరోజెప్పుడు టీచర్ అని. వాళ్ళ అమ్మల్ని అడిగితే ఒకావిడ ఎండాకాలం అంటుంది, ఒకావిడ పెద్ద బండ పేల్చిన ఏడు అంటుంది. పిల్లలే అన్నారు, మాకూ అదే రోజు రాసెయ్యండి టీచర్, అందరం కలిసి చేసుకుందాం అని. అప్పట్నుంచీ తేదీ తెలియని వాళ్ళు ఎవరు చేరినా అదే రాశాను."

"అంటే ప్రభుత్వ రికార్డులో పిల్లల ముచ్చట కోసం తేదీలు రాశారన్నమాట," అన్నాడు భూతద్దం.

"తప్పే సార్. కానీ తేదీ తప్పు, పిల్లలు తప్పు కాదు. నాకంటే ముందున్న మాస్టారు అందరికీ జూన్ ఒకటి రాశారు. ఆ జాబితాలోనే పదహారు మంది ఉన్నారు, చూడండి. వాళ్ళనెందుకు అడగరు?"

"వాళ్ళ మీద నాకు అనుమానం లేదు."

ఆ జవాబు విని ఆవిడ నా వైపు చూసింది. నేను కీబోర్డు మీద లేని దుమ్ము తుడుచుకున్నాను. ఆ తర్వాత ఆవిడ సంచీలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి మడతల దగ్గర చిరగబోతున్న ఒక చీటీ బల్ల మీద పెట్టింది. ఆస్పత్రి చీటీ. పుట్టిన తేదీ ఫిబ్రవరి పదకొండు. తల్లి పేరు ఉంది, ముద్ర ఉంది.

"మిగతా పదముగ్గుర్నీ నమ్మకపోతే పోనీ సార్. ఈ ఒక్క పిల్లనైనా నమ్మండి. ముప్పై అవుతారు. బడి ఉంటుంది."

ఆయన చీటీని వెలుతురుకి పట్టి చూశాడు, తిప్పి చూశాడు, వాసన కూడా చూశాడు.

"ఇందులో ఆడ శిశువు అనుంది. పేరేదీ?"

"పుట్టిన రోజునే పేరెలా ఉంటుంది సార్?"

"అదే నేనూ అంటున్నా. ఇది ఏ ఆడ శిశువుదైనా కావచ్చు."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ కిందికి జారనివ్వలేదు. ఆయన మరీ రాతిమనిషి కాదు. "నేనొచ్చి పిల్లల్ని చూస్తాను. చూడకుండా ఏదీ రాయను," అన్నాడు. ఎప్పుడొస్తారు సార్ అని ఆవిడ అడగబోయి, అడగకూడదని తెలిసి ఆగిపోయింది.

తనిఖీకి ఇద్దరు సంతకం పెట్టాలని నిబంధన. రెండో మనిషిగా నన్ను లాక్కెళ్ళాడు. బస్సు దిగాక మైలున్నర నడక. లారీలు పక్కనుంచి పోతుంటే రాతి పొడి లేచి, ఎదుట మనిషి కనిపించేవాడు కాదు. కంకర మిషను చప్పుడు బడి గోడల దాకా వినిపిస్తోంది. గది చిన్నదే అయినా ముచ్చటగా ఉంది. నల్లబల్ల మూలన ఆనాటి హాజరు రాసి ఉంది: నలభై మూడు. మేము లెక్కపెట్టాం. నలభై మూడు మందీ ఉన్నారు.

"ఒక్కరు కూడా మానలేదేమిటి?" అన్నాడాయన నా చెవిలో. మానితే లేరంటాడు, మానకపోతే ఎందుకు మానలేదంటాడు. ఈ మనిషితో ఎలా వేగడం అనుకున్నాను.

మంచినీళ్ళు ఎక్కడ తాగుతారని అడిగాడు. నలభై మూడు చేతులూ ఒకేసారి కిటికీ పక్కనున్న కుండ వైపు లేచాయి. నా ప్రాణం కుదుటపడింది. ఆయన మొహంలో మాత్రం ఏమీ లేదు. జాబితాలో ఆ పద్నాలుగు పేర్లూ చదివి, వాళ్ళని ముందుకి రమ్మన్నాడు. పెద్దది పదేళ్ళ పిల్ల, అందరికంటే చిన్నవాడు ఐదేళ్ళవాడు. వరసగా నిలబడ్డారు.

"మీ పుట్టినరోజెప్పుడు?"

"ఫిబ్రవరి పదకొండు సార్!"

పద్నాలుగు గొంతులు, ఒకే గొంతులాగా. అంతటితో ఆగలేదు. వెనకనున్న మిగతా పిల్లలు అలవాటుగా చప్పట్లు కొట్టేశారు. ఐదేళ్ళవాడు చాక్లెట్ కోసం చెయ్యి చాపాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. టీచరు కూడా నవ్వబోయింది. ఆయన జాబితా మడిచి సంచీలో పెట్టుకోవడం చూసి ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

తిరుగు దారిలో ఆయనే మొదలుపెట్టాడు. "ఒక్కడైనా తడబడాలి అమ్మాయ్. ఒక్కడైనా ఏమో తెలీదనాలి. పద్నాలుగు మంది గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పారంటే అది నేర్పించిన పాఠం, వాళ్ళు అద్దె పిల్లలు. కుండ సంగతి కూడా నేర్పించే ఉంటుంది. నా ఉపాయం ఊరూరా తెలిసిపోయింది."

"పుట్టినరోజు ఎవరికి గుర్తుండదు గురువుగారూ? ఆ పిల్లలు నిజం పిల్లలే అనిపించింది నాకు," అన్నాను.

"అనిపించడం కాదు. రుజువుందా?"

లేదన్నాను. గట్టిగా వాదించి ఉండాల్సింది. ఆ మైలున్నర దారిలో కాళ్ళు కాలుతున్నాయనీ, బస్సు తప్పిపోతుందనీ, ఇంట్లో పని ఉందనీ వాదించలేదు. నివేదిక మీద మొదటి సంతకం ఆయనది, రెండోది నాది.

నిజంగా ఉన్న పిల్లలు ఇరవై తొమ్మిది అని రాశాం. ఆఫీసరు ఆ కాగితాన్ని రెండుసార్లు కూడా చదవలేదు. వారంలో ఉత్తర్వు వచ్చింది, అదీ నేనే టైపు చేశాను. క్వారీ బడిని పెద్ద రోడ్డు అవతలి బడిలో కలిపారు. ఎంత దూరమని నేను ఈసారి అడగలేదు. ఆ దారి నడిచొచ్చినదాన్ని, నాకు తెలుసు. టీచరుని ఎక్కడో మూలకి బదిలీ చేశారు. గోడ మీద పట్టికలో ఒక అంకె పెరిగింది.

బడి కలిపిన మూడు నెలలకి, కొత్తగా చేరినవాళ్ళతో పెద్ద బడి మళ్ళీ జాబితా పంపాలి. దాని కోసం భూతద్దం పెళ్ళివారి కబురు కోసం చూసినట్టు చూశాడు. ఎందుకో నాకు తెలుసు. ఆ పద్నాలుగు మంది నిజమైతే ఆ జాబితాలో ఉంటారు. దొంగ పేర్లయితే ఉండరు. పైకి చెప్పలేదు గానీ, చీటీలోని ఆ ఆడ శిశువు ఆయనకి కూడా నిద్రపట్టనివ్వలేదని నా నమ్మకం. జాబితా వచ్చిన రోజు, భోజనం కూడా మానేసి పేర్లు వెతికాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"చూశావా? పద్నాలుగులో ఒక్క పేరు కూడా లేదు. నేను చెప్పలేదూ?"

గెలిచినవాడిలా లేడు, ఊపిరి పీల్చుకున్నవాడిలా ఉన్నాడు. నేను లేచి వెళ్ళి ఆయన చేతిలోని జాబితా అందుకున్నాను. క్వారీ బడి నుంచి వచ్చినవాళ్ళని వేరే వరసలో రాశారు. లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను.

"గురువుగారూ, మనం నిజమని రాసినవాళ్ళు ఇరవై తొమ్మిది మంది కదా?"

"అవును."

"ఇక్కడ తొమ్మిది మందే ఉన్నారు. మరి ఆ ఇరవై మంది?"

ఆయన జాబితా నా చేతిలోంచి తీసుకున్నాడు. వేలు పెట్టి ఒక్కొక్క పేరూ దిగాడు. కిందికొచ్చాక మళ్ళీ పైకి వెళ్ళాడు. జాబితాలో లేకపోవడమే దొంగతనానికి రుజువైతే, ఆయన కళ్ళారా చూసి, సంతకం పెట్టి నిజమన్న ఇరవై మంది కూడా దొంగ పేర్లే కావాలి. వాళ్ళు దొంగ పేర్లు కాదని ఆయనకి తెలుసు. వాళ్ళు రాలేకపోయారు. లారీల మధ్య అంత దూరం ఏ తల్లి పంపుతుంది? ఇరవై మంది రాలేకపోతే పద్నాలుగు మందీ రాలేకపోయి ఉండొచ్చు. నేనేమీ వివరించలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు లెక్కలు చూసిన మనిషికి నేను చెప్పేదేముంది? సాయంత్రం దాకా ఆ కాగితం ముందు అలాగే కూర్చున్నాడు. జాలేసింది, కోపం కూడా వచ్చింది.

మర్నాడు ఆయన ఆఫీసుకి రాలేదు. మధ్యాహ్నం రెండున్నరకి గేటు దగ్గర జీపు ఆగింది. తలుపు మీద క్వారీ పేరు రాసుంది. అందులోంచి మా భూతద్దం దిగాడు. నేను నా కళ్ళని నమ్మలేదు. ఆఫీసరు తన కిటికీలోంచి చూడటం కూడా చూశాను.

చెమటతో, నెత్తి నిండా తెల్ల పొడితో వచ్చి నా బల్ల దగ్గర నిలబడే మాట్లాడాడు.

"అక్కడే ఉన్నారు అమ్మాయ్. అందరూ ఉన్నారు. కంకర కుప్పల దగ్గర రాళ్ళు ఏరుతున్నారు, చిన్న పిల్లల్ని ఎత్తుకుని షెడ్ల ముందు కూర్చున్నారు. నేను పాత జాబితా తీసి పేర్లు పిలిచాను. చేతిలో రాళ్ళు కింద పడేసి లేచి నిలబడ్డారు. ప్రెజెంట్ సార్ అన్నారు. ఆ పద్నాలుగు మందీ అన్నారు. మళ్ళీ బడి తెరుస్తారా సార్ అని అడిగింది, ఆ చీటీ పిల్ల." ఆయన గొంతు వణికింది. గేదెల కథకి కూడా అంత వణకడం నేను వినలేదు. "ఐదింటికి నెలవారీ లెక్క పైకి వెళ్ళిపోతుంది. ఈలోగా కాగితం పెట్టాలి. మళ్ళీ తెరవమని రాద్దాం, నా తప్పేనని రాద్దాం. కొట్టు."

కొట్టాను. అరపేజీ. నా తనిఖీలో పొరపాటు జరిగింది, ఆ పద్నాలుగు మంది నిజమైన పిల్లలు, బడిని తిరిగి తెరవవలసిందిగా కోరుతున్నాను. ఆయన సంతకం చేశాడు. ఇద్దరం కలిసి ఆఫీసరు గదికి వెళ్ళాం.

ఆఫీసరు కాగితం చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మూడు నెలల కిందట లేరన్నది మీరే. ఇవాళ ఉన్నారంటున్నదీ మీరే. మధ్యలో ఏం మారింది?"

"నేను వెళ్ళి చూశానండి."

"అప్పుడూ వెళ్ళి చూశారుగా? పక్కనే బడి ఉంటే కూలీలు క్వారీ వదిలిపోరు. ఓనరుకి లాభమే. జీపులో తీసుకొచ్చి గేటు దగ్గర దింపారు కూడాను." నవ్వాడు. అదేమంత కోపంగా అన్న మాట కాదు, పెద్దమనిషి తరహాలో మెల్లిగానే అన్నాడు. "రిటైరయ్యే వయసులో ఎందుకండీ ఇవన్నీ? ఎంత ముట్టజెప్పారేమిటి?"

భూతద్దం నోరు తెరిచాడు. ఎన్నో బళ్ళలో ఎంతోమందిని ఆయన ఇలాగే నిలబెట్టి అడిగాడు. వాళ్ళు కూడా ఇలాగే నోళ్ళు తెరిచి ఉంటారు. ఆఫీసరు కాగితాన్ని బల్ల మీదుగా వెనక్కి తోశాడు. అది ఆయన చేతికి అందక కిందపడితే నేను తీసిచ్చాను.

మా బల్లల దగ్గరికొచ్చాక ఆయన కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"పక్కన జీపు ఆగితే ఎక్కేశాను అమ్మాయ్. ఐదింటిలోగా రావాలన్న ధ్యాసలో ఇంకేం గుర్తురాలేదు. నువ్వు నమ్ముతావు కదా?"

నేను నమ్మాను. ఇవాళ ఎవరు అడిగినా ఒట్టేసి చెబుతాను. కానీ ఆ క్షణంలో, ఇరవై ఎనిమిదేళ్ళు ఎవరి బండీ ఎక్కని మనిషి ఆ ఒక్కరోజే ఎందుకెక్కాడా అని నా బుర్రలో ఒక చిన్న ప్రశ్న మెదిలింది. అవునని చెప్పడానికి రెండు క్షణాలు ఆలస్యమైంది.

ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు. మొహాలు చదవడమే ఆయన పని.

"సరేలే," అన్నాడు.